లాకు రిజిస్టరు

పల్లంకుర్రు లాకు మీద నాది పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం.
పడవని గదిలోకి రానిచ్చి, వెనక తలుపు మూసి,
నీళ్ళు నింపి, ఆరడుగులు పైకి లేపి,
ముందు తలుపు తియ్యడం.
లేపడం గురించి నాకు తెలిసింది అంతే.
ఇప్పుడు పడవలు రావు, గుర్రపుడెక్క వస్తుంది.
రిజిస్టర్లో రెండు గళ్ళు: పైకి, కిందికి.
రోజూ రెండు సున్నాలు చుట్టి సంతకం పెడతాను.

నాలుగున్నరకే వచ్చేశారు అందరూ,
సిగ్నలు ఈ గట్టు మీదే నిలకడగా ఉంటుందని.
గెద్దాడ ఇమ్మానుయేలు, చేతులకి ఏరేటర్ గ్రీజుతోనే.
పాలిటెక్నిక్ పిల్ల హేమసుధ.
కాలేజీ ల్యాబులో ముప్ఫయ్యేళ్ళు గాజుసామాను కడిగి
రిటైరైన కాండ్రేగుల సుబ్బాయమ్మ గారు,
ఒళ్ళో నోటుపుస్తకం: ఏ స్టేజి ఎన్ని సెకన్లు మండాలో.
వేటకెళ్తూ ఆగిన మల్లాడి పోలేశు, భుజాన విసురువల.

"ఎవరిదండీ అది?"
"కంపెనీది పోలేశూ. గవర్నమెంటుది కాదు."
"మరి పడిపోతే ఎవరేడుస్తారు?"

ఎవరూ పలకలేదు.
పోయినేడాది ఇదే గట్టు మీద
నాలుగో స్టేజి మాట్లాడ్డం మానేశాక
ఇమ్మానుయేలు ఫోను కాలవలోకి విసిరేశాడు,
మళ్ళీ తనే మొలలోతు నీళ్ళలో దిగి వెతుక్కున్నాడు.
సుబ్బాయమ్మ గారు ఆ పేజీ చింపలేదు.
అడ్డగీత కొట్టి, పక్కన
"కారణం తెలియలేదు" అని రాసుకున్నారు,
పగిలిన గాజుగొట్టానికి పద్దు రాసినట్టు.

పక్క చెరువుల్లో ఏరేటర్ల రొద.
"ఒక్క నిమిషం ఆపు మావయ్యా, ఏం వినపడట్లేదు."
"ఆపితే రొయ్య తేలిపోద్దమ్మా."

మూడు ఫోన్లు, మూడు ఆలస్యాలు.
హేమసుధ చేతిలో రాకెట్ లేచిపోయింది.
ఇమ్మానుయేలు చేతిలో ఇంకా ఆరు, ఐదు, నాలుగు.
నా దాంట్లో గిరగిరా తిరిగే చక్రం.

"అయ్యొదిలెయ్యండి, అటు సూడండి!"
దక్షిణాన మడచెట్ల పైన ఒక నిప్పుగింజ.
తొందరేమీ లేనట్టు ఎక్కుతోంది.
మాకింకా తెల్లారలేదు, దానికి తెల్లారిపోయింది.
ఎండ తగిలి పొగంతా ఒక్కసారి విప్పుకుంది.
"విసురువలే," అన్నాడు పోలేశు.
"ఎవడో గానీ చెయ్యి తిరిగినోడు. గుండ్రంగా పడింది."

తర్వాత ఏమీ లేదు.
మూడోది ఆరిపోయి, నాలుగోది వెలగకుండా
ఎనిమిది నిమిషాలు ఊరికే సాగుతుందట.
ఆ ఎనిమిది నిమిషాలు నేనెరుగుదును.
రెండు తలుపులూ మూసి, పడవ మధ్యలో ఉండి,
నీరు ఎక్కుతోందో లేదో కంటికి ఆననప్పుడు
సరంగు నా మొహం చూసేవాడు.
నేను గోడమీది నాచు వంక చూసేవాణ్ణి.

ముందు హేమసుధ అరిచింది.
ఏడు సెకన్లకి ఇమ్మానుయేలు,
ముందే తెలిసినా కొత్తగా తెలిసినట్టు,
గ్రీజు చేతుల్తో నన్ను పట్టేసుకున్నాడు. చొక్కా పోయింది.
సుబ్బాయమ్మ గారు అరవలేదు.
సెకన్లు వేసి, కింద రెండు గీతలు కొట్టి,
కళ్ళజోడు తుడిచారు. కళ్ళు తుడవలేదు.
నా ఫోన్లో చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఎల్లిపోయిందాండీ?"
"ఆయ్, ఎల్లిపోయింది."
"మరింక పడదా?"
"పడుతూనే ఉంటుంది తాతా," అంది హేమసుధ,
"నేల అందదంతే. అలా తిరుగుతుంది."
పోలేశు వల భుజం మార్చుకున్నాడు.
"మా బోటు అప్పులాగన్నమాట."
అవసరమైనదానికన్నా ఎక్కువ నవ్వాం.

ఎండెక్కాక రిజిస్టరు తీశాను.
తేదీ. నీటిమట్టం. గుర్రపుడెక్క ఉంది, మనుషుల్ని పంపాలి.
పైకి: ఒకటి.
సరుకేమిటని సెక్షనాఫీసరు అడిగితే
సుబ్బాయమ్మ గారి ఇంటికి తీసుకెళ్తాను.
కిందికి: సున్నా.
సంతకం.