ఓడ రాని వారం

సోమవారం దేశమంతా చదివేస్తుంది.
మాకు మాత్రం సముద్రం ఒప్పుకున్న రోజే సోమవారం.

సకాతా రేవులో నాలుగు ప్రతులు కట్ట కట్టి
నా పేరు రాసి పెడతారు: సైకా కొట్టు, దీవి.
ఈసారి ఆ కట్ట ఆరు రోజులు అక్కడే పడుంది.
జనవరి గాలి. మనిషెత్తు దాటిన అలలు.
జెట్టీ దగ్గర ఎర్ర అక్షరాల పలక:
ఈ రోజు ఓడ లేదు.

మా దీవిలో ఒక చట్టముంది, ఏ పోలీసూ రాయనిది.
కట్ట విప్పేదాకా ఫోనులో ఎవరూ ఏదీ చూడకూడదు.
పోస్టుమాస్టర్ హయసాకా అయితే
ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేస్తే "కులాసాయేనా" అని అడిగి
జవాబు వినకుండానే పెట్టేస్తాడు.

గత వారం చివరి బొమ్మ ఇదీ:
తుఫాను. 'ఏడో అల' పక్కకి ఒరిగింది.
ఆ దొంగల ఓడలో ఇరవై ఏళ్లుగా అన్నం వండిన ముసలాడు
చుక్కాని తాడు మీద కత్తి ఆనించి నిలబడ్డాడు.
మొహం కనిపించదు. వాన గీతలు, అంతే.

నూనె పొయ్యి చుట్టూ ఆరు రోజులూ అదే గొడవ.
"వాడు నౌకాదళం గూఢచారి" అంది కురెహా.
పన్నెండేళ్లది, మా బడికున్న ఒకే ఒక్క పిల్ల.
తన వయసుకి రెండింతలున్న కథని
రెండు చలికాలాల్లో మింగేసింది.
"నూట ఆరో అధ్యాయంలో ఉప్పు డబ్బా అడుగున
లంగరు గుర్తుంది. మీరెవరూ చూళ్లేదు."
చూళ్లేదు. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను,
చదువుతూ చదువుతూ నిద్రపోయేదాన్ని.

"అన్నం పెట్టిన చెయ్యి తాడు కొయ్యదు" అని హయసాకా.
"కత్తి ఎక్కడుందో తెలిసింది ఆ చేతికే కదా" అని నేను.
ఇసాబురో తాతకి ఇవేవీ పట్టవు.
యాభై ఏళ్లు స్క్విడ్ వేటాడిన మనిషి.
"ఆ ముడి అలా వెయ్యరు.
ఈ బొమ్మలు గీసేవాడు జన్మలో పడవ కట్టినవాడు కాడు.
అంత బిగువున్న తాడు మీద కత్తి పెడితే
ముందు పోయేది తాడు కాదు, వేళ్లు."
నమ్మలేదని చీపురు కర్రకి తాడు చుట్టి, ముడేసి,
మా కొట్టు దూలానికి వేలాడదీశాడు.
ఇన్ని తప్పులు పట్టే ఆయనే
ప్రతి వారం అందరికన్నా ముందొచ్చి కూర్చుంటాడు.

ఆదివారం మధ్యాహ్నం ఓడ వచ్చింది.
సరుకు దించేది తొకుజి. వాడు రేవులోనే చదివేస్తాడు.
మామూలుగా వాడి నోట్లో నువ్వుగింజ నానదు.
మేం వాడి మొహం చదవబోయాం:
కోశాడా? చచ్చాడా?
షట్టరు దించినట్టు దించేసుకున్నాడు మొహం.
గుడ్ల అట్టపెట్టెలు దించాడు, కిరోసిన్ డబ్బాలు దించాడు,
ఆఖర్న కట్ట నా చేతికిచ్చి
కళ్లు కలపకుండా వెళ్లిపోయాడు.
"చచ్చాడు" అంది కురెహా, పాలిపోయి.

దారం నేనే కోశాను, ఎండుచేపలు కోసే కత్తెరతో.
పేజీలు ముందుకి. వెనక్కి. మళ్లీ ముందుకి.
సబ్బు ప్రకటన కింద చిన్న డబ్బాలో:
రచయితకి ఒంట్లో బాగోలేదు. ఈ వారం కథ లేదు.

హయసాకా టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.
కెటిల్ మూత టపటపలాడుతోంది.
ముందు నవ్వింది తాతే.
"ఆయన వైపూ గాలి బాగోలేదన్నమాట."

కిటికీ అద్దం అవతల తొకుజి తొంగిచూస్తున్నాడు.
పాపం, ఏమీ లేకపోవడాన్ని
దారంతా దాచుకొచ్చాడు.

కురెహా పరిగెత్తి జెట్టీ మీది పలక పీక్కొచ్చి
పత్రికల అరకి తగిలించింది:
ఈ రోజు ఓడ లేదు.
రేపు తెల్లారేలోగా తిరిగి పెట్టాలి,
లేకపోతే రేవు ఆఫీసుతో నాకు తిట్లు.

తాడు ఇంకా దూలానికే ఉంది.
సోయా సాస్ కోసం వచ్చినవాళ్లు తల వంచుకుని వెళ్తున్నారు.
తీసేద్దామంటే తాత ఒప్పుకోడు.
రాత్రి కొట్టు కట్టేశాక, ఎవరూ లేరు కదా అని,
ఒక్కసారి కత్తెర దాని మీద ఆనించి చూశాను.
తాత చెప్పింది నిజమే.
ముందు వేళ్లకే తెలుస్తుంది.