గంగులప్ప వగైరా

ల్యాబులో ఎనిమిది కంప్యూటర్లు,
ఆన్ అయ్యేవి మూడు.
ఒక్కోదాని ముందర నలుగురం, భుజాలు ఒరుసుకుంటా.
మన ఊరి మీద వ్యాసం రాయండి, విజ్ఞానసర్వస్వంలో పెడదాం
అన్నాడు సోషల్ సారు.
పుట్టిన ఊరే కదా, ఎంతసేపబ్బా అనుకుంటిమి.

"ఉలవలమిట్ట, చిత్తూరు జిల్లాలోని ఒక గ్రామం."
మొదటి వాక్యం బెల్లం ముక్క మాదిరి జారిపోయింది.
జనాభా, ఇండ్లు, విస్తీర్ణం, పిన్ కోడు,
దగ్గరి రైల్వే స్టేషను.
గడులన్నీ నింపి చూసుకుంటే
మా ఊరు
రేషన్ కార్డులో ఫొటో మాదిరి ఉండాది.
ఊరే, కాదనలేం.
ఎవురూ గుర్తుపట్టరు.

అప్పుడు మునిచంద్ర, ఒక్క వేలితో,
వత్తు యాడుందో వెతుక్కుంటా కొట్టినాడు:
"ఈ ఊరి బావులన్నీ వడ్డిపేట వాళ్లు తవ్వినారు."
చుక్క పెట్టినాక ఎవురి మొగమూ చూడలేదు వాడు.

మర్నాటికి ఆ వాక్యం నెత్తిన
చిన్న నీలం అక్షరాలు:
మూలం కావాలి.
ఎవురో తెలీదు. యాడో కూచోని అడిగినారు.
తప్పుగా ఏం అడగలేదు, అన్నాడు సారు,
అడిగిందానికి జవాబు తేండి.

వాళ్ల తాత గంగులప్ప
కానగ చెట్టు కింద నులకమంచం అల్లుకుంటా ఉన్నాడు.
విషయం చెప్తే నవ్వినాడు, పండ్లు లేని నవ్వు.
"మూలమంటే ఊటే కదమ్మే.
ఊట కావాలంటే ఇంగో మట్టు తవ్వల్ల."

ముప్పై తొమ్మిది బావులంట.
రాయి పగలకపోతే నిప్పు పెట్టి, నీళ్లు కొట్టి, సమ్మెటేసి.
మందు పేలేముందు పైకెక్కేదానికి
బీడీ సగం కాలేంత టైమంట.
"ఇప్పుడు బోరు పోతాది వెయ్యిన్నూరడుగులు,
ఒంటిగా.
మేం దిగింది మా కాళ్లతో,
ఎక్కింది మా కాళ్లతో.
గురవడు మాత్రం ఎక్కలేదు."
ఏ బావిలో? అంటి నేను.
నులక లాగి ముడేసినాడు.
"మీదాన్లోనే."

మాది.
నేను ఈత నేర్చుకున్నది.
మా తాత తవ్వించినాడు అని
తవ్వించినాడులోంచి ఒకటి రెండు అక్షరాలు రాలిపోయి
తవ్వినాడు అని
మేం చెప్పుకునేది.

ఆ రాత్రి అటక మీది ట్రంకుపెట్టె దించితి.
బావి లోను కాగితాలు, చెదలు తిన్నది పోగా మిగిలినవి.
మా తాత పేరు, ఆయన నాయన పేరు, సర్వే నంబరు,
సంతకం, సంతకం కింద ఇంకో సంతకం.
అడుగున పెన్సిలుతో ఒక వరస:
కూలి, గంగులప్ప వగైరా, 412 రూపాయలు.

వగైరా.
వగైరాలో ఎంతమంది పడతారు తాతా?
ఆయన వేళ్లు మడుస్తా చెప్పినాడు:
గురవడు. వాడి తమ్ముడు చెంగడు.
తట్టలు మోసింది నాగులమ్మ, నెలలు నిండినా మోసింది.
కప్పీ తాడు పట్టింది గంటన్న.
సంగటి దించే పిల్ల ఒకితె, యల్లి,
తర్వాత ఆమెనే చేసుకుంటి, అని
అక్కడ ఒక వేలు మడవకుండా ఆపినాడు.

కాగితాన్ని ఫొటో తీసి పెడితిమి.
ఇంట్లో కాగితం చెల్లదంట,
అచ్చులో ఉండల్లంట.
సారు తల గోక్కుని, రూలు రూలే, అన్నాడు.
మునిచంద్ర ఏమీ అనలేదు.
వాక్యం అట్నే ఉండాది,
నీలం అక్షరాలు అట్నే ఉండాయి.

పేర్లన్నీ నా సోషల్ నోట్సు చివరి పేజీలో ఉన్నాయి.
నిన్న శెల్వి, ఈతకు పోదాం రామ్మే, ఎవురి బావికి? అన్నింది.
మా
అని నోరు తెరిస్తి.
తర్వాతి మాట
ఇంకా రాలేదు.