నలభై ఒకటో కేంద్రం

రాత్రి పదకొండు దాటినాక
చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఒక మేడగది.
నేనూ, ఖాదర్ వలీ, చల్లారిపోయిన రెండు టీ గ్లాసులూ.
కింద వీధిలో పుంగనూరు ఆఖరి బస్సు
గేరు మార్చుకుంటూ, మూలుక్కుంటూ పోయింది.

గోడమీద జిల్లా పటం. అందులో నలభై ఒక్క పాలకేంద్రాలు.
ఒక్కోదాంట్లో బల్ల కింద ఒక పాత కంప్యూటరు,
దానిమీద దుమ్ము, దుమ్ముమీద పాల మరకలు,
కొన్నిట్లో బల్లిగుడ్లు కూడా ఉన్నాయని వలీ ఒట్టేస్తాడు.
మునుపైతే సీడీలు సంచిలో వేసుకుని
సంగటి క్యారియరు కట్టుకుని
ఊరికొక రోజు లెక్కన నెలన్నర తిరిగేవాడ్ని.
మొగిలి ఘాట్‌లో ఎన్నిసార్లు వాంతి చేసుకున్నానో
ఆ దారి కండక్టర్లనడగండి.

ఇప్పుడు ఒక్క వరుస రాసినా.
ఒక్క మీట నొక్కినా.
కూర్చున్న కుర్చీ కదలకుండా
నలభై ఒక్క ఊళ్ల తలుపులు తట్టినా.

మొదట తీసింది బంగారుపాళెం.
తరవాత ఐరాల, పూతలపట్టు ఒకేసారి,
గంగవరం నిద్రమత్తుగా,
వి.కోట రెండోసారి పిలిస్తే.
రామకుప్పం పక్క ఏనుగులు దిగి
కరెంటు స్తంభం పడేసినాయంట,
లైన్‌మన్ పుణ్యాన గంటకు అదీ పలికింది.

ఎవురూ లేని గదుల్లో తెరలు వాటంతటవే వెలిగి
చీకట్లో అంకెలు లెక్కపెట్టుకుంటా ఉంటాయి గదా,
ఎలకలు ఆగి చూస్తాంటాయేమో అనుకుంటే
నవ్వొచ్చింది. కొంచెం భయం కూడా.
దొంగ వచ్చేదీ ఇట్లాగే.
నా దగ్గర తాళంచెవి ఉంది, అంతే తేడా.

నలభై పచ్చచుక్కలు.
ఒకటి ఎరుపు. రాతిగుంటపల్లె.

రెండు గంటలకు ఫోను చేసినా.
దేశమ్మ ఎత్తింది. పాలు కొలిచేది ఆమే,
గది ఊడ్చేది ఆమే, రాత్రి కాపలా ఆమే.
"తెరమీద ఏముంది మ్మా?"
"ఇంగ్లీషులో ఏందో రాసుండాది నాయనా.
కడాన కొడవలి కొంకి మాదిరి ఒకటి, దాని కింద చుక్క."
"అది నిన్ను ప్రశ్న అడగతా ఉంది.
మీటల్లో క్యాట్‌బాల్ కొయ్య లాంటిది చూడు,
పైన రెండు కొమ్మలు, కింద కాడ."
"పిట్టల్ని కొట్టేది. ఆ, ఉండాది."
"అది నొక్కి, కుడిపక్క పెద్ద మీట నొక్కు."

నొక్కలేదు.
ఫోనులో పాలు చల్లబరిచే యంత్రం మోత, దూరంగా కుక్క.
"నాయనా, ఒక మాట.
ఇది పెట్టినాక నేను రాసేదంతా మీకు కనపడతాదా?"
"కనపడతాది."
"అప్పటికప్పుడే?"
"అప్పటికప్పుడే."
"వెన్న శాతం కూడానా?"

వలీ వైపు చూసినా. వాడు టీ గ్లాసులోకి చూసినాడు.
ఆ కేంద్రం పాత పద్దులు ఎక్కించింది మేమిద్దరమే.
బోర్లు ఎండిపోయిన ఏడు,
ఊరి పాలన్నీ నీళ్లలా పలచబడిన ఏడు
పదిహేడో ఖాతా ఆవు ఒక్కటే
నాలుగుకు తగ్గకుండా ఇచ్చింది.
రోజుకు లీటరున్నర. ఒక్కటే ఆవు.
ఎవురిదో మేము అడగలేదు. ఆమె చెప్పలేదు.

లేదమ్మా, అది కనపడదు అని
అనుండొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.
"వెన్న శాతం కూడా" అన్నా.

చానాసేపు మోత ఒక్కటే.
తరవాత ఆమె,
"సరేలే. అయిదుకంతా క్యాన్లు వచ్చేస్తాయి.
మిషను ఇట్లా నిలబడిపోతే ఎట్లా?"
టక్.
పచ్చచుక్క నా తెరమీదికి వచ్చేదానికన్నా ముందు
ఆ చప్పుడు నా చెవికి వచ్చింది.

తెల్లారి అయిదూ నలభైకి వరసలు దిగడం మొదలైంది.
ఒకటి, రెండు, ఆరు, పదకొండు.
పదిహేడో ఖాతా: లీటరున్నర, నాలుగు పాయింట్ ఒకటి.

పోయిన వారం వాన పడింది.
కట్టల మీద గడ్డి లేచుంటాది.
ఆవుకు తెలియాల, ఆమెకు తెలియాల.

"అంతా సరిగానే ఉందా?" వలీ అడిగినాడు
చొక్కా గుండీలు పెట్టుకుంటా.
ఆ వరసను పైకి పోనిచ్చి,
"పచ్చగానే ఉంది" అన్నా.