మెట్లు కడిగే వంతు

లోపలికి రా లెతెబ్రాన్, తడి బూట్లు అక్కడే వదిలెయ్.
పిల్లల్ని హీటరు దగ్గర కూర్చోబెట్టు.
మూడో అంతస్తు నీదని తాళం ఇచ్చినవాడు చెప్పే ఉంటాడు,
మిగతాదేదీ చెప్పి ఉండడు.
అద్దెకిచ్చేవాళ్లు గోడలు చూపిస్తారు,
గోడకవతల దగ్గేదెవరో చెప్పరు.

నా పేరు ఇష్బెల్. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్లు.
గ్లాస్గో వాన గురించి నేను చెప్పనక్కర్లేదు, అదే చెప్పుకుంటుంది.
పడకగది మూలన నల్లటి బూజు పూస్తుంది.
నీ కూర ఆవిరి వల్లే అంటాడు ఇంటాయన.
నమ్మకు. ఫోటో తియ్యి, తారీఖు రాయి, ఉత్తరం పెట్టు.
రాయడం రాకపోతే కింద జానెటా కూతురుంది,
పద్నాలుగేళ్లది, నాలుగు భాషల్లో పోట్లాడగలదు.

నీ కొడుక్కి ఒక మాట:
బడిలో ఎవడైనా "నీది ఏ జట్టు?" అంటే
ఆకుపచ్చ అనకూడదు, నీలం అనకూడదు.
"నాకు ఈత ఇష్టం" అనాలి.
నవ్వకు. ఆ జవాబు తెలియక మా తమ్ముడికి ముందు పన్ను పోయింది.

జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురు చావదు.
పిల్లలు వీధిలోనే ఉంటారు, అరుస్తూ.
జానెటా వాళ్లు వచ్చిన ఏడాది
నేనూ కిటికీ తీసి తిట్టాను.
తర్వాత ఒకరోజు పంచదారకని వాళ్లింటికి వెళితే
రెండు గదుల్లో తొమ్మిదిమంది.
వీధే వాళ్ల వసారా.

రంజాన్‌లో ఎదురింటి నుంచి గిన్నె వస్తుంది,
రియాసత్ భార్య పంపుతుంది.
ఖాళీగా తిప్పి పంపకు.
ఏమీ లేకపోతే నాలుగు బంగాళదుంపలైనా వెయ్యి,
నేనదే చేశాను. నవ్వుకునే ఉంటారు,
మరుసటేడు మళ్లీ గిన్నె వచ్చింది.

అందరూ మంచివాళ్లని చెప్పను.
చెత్తడబ్బాల పక్కన పాత పరుపు పడేసి పోతారు ఎవరో.
"మావాళ్లు కాదు" అంటారు అన్ని అంతస్తులవాళ్లూ.
నేనూ అన్నాను.
ఒకసారి అది మా అక్క కొడుకు పని.

ఇదిగో, ఈ అట్టముక్క. తాడు కట్టి ఉంది చూడు.
"ఈ వారం మెట్లు కడిగే వంతు మీది."
ఎవరి తలుపు పిడికి వేలాడితే వాళ్లు కడగాలి,
కడిగి పక్క తలుపుకు తగిలించాలి.
మా అమ్మ రోజుల నుంచీ ఉంది.
వెనకాల ఉర్దూలో, స్లోవాక్‌లో కూడా రాశారు.
కింద ఇంకా కాస్త చోటుంది, నీ అక్షరాలకు.

మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో
ఇది డోనల్ మగిన్ తలుపుకు వేలాడింది.
వారం దాటింది. మెట్ల నిండా బురద, సిగరెట్ పీకలు.
తాగుబోతు అన్నాం. ఒళ్లు బద్ధకం అన్నాం.
ఎన్నడూ ఒక మాట మీద నిలబడని మేమంతా
ఆ ఒక్క మాట మీద నిలబడ్డాం.
నేనొక చీటీ రాసి ఉత్తరాల కన్నంలోంచి తోశాను.
ఏం రాశానో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

పదకొండో రోజు పోలీసులు తలుపు పగలగొట్టారు.
వంటగదిలో ఉన్నాడు.
బకెట్ నిండా నీళ్లు పట్టి ఉన్నాయి,
సబ్బుపొడి ఇంకా కలపలేదు.
నా చీటీ గుమ్మం చాప మీద, మడత విప్పకుండా.

ఇప్పుడు మెట్లు మురిగ్గా ఉంటే మేం చీటీలు రాయం.
తలుపు కొడతాం. పలికేదాకా కొడతాం.
నీకు విసుగొస్తుంది. చిన్నది నిద్రలేస్తుంది.
తలుపు తియ్యకపోయినా పరవాలేదు,
లోపల్నుంచి ఒకసారి దగ్గు.

టీ చల్లారిపోతోంది, తాగు.
బకెట్ నాది వాడుకో, చీపురు మాత్రం కొనుక్కో,
రియాసత్ కొట్లో గట్టివి దొరుకుతాయి.
వచ్చే వారం నీదే.