సీలు పెదవి

షువైఖ్ సనాయియాలో ఇంకా షట్టరు సగమే ఎత్తానో లేదో
తెల్ల ప్రాడో వచ్చి అడ్డంగా నిలబడింది.
"దువ్వారు దగ్గర తిప్పితే చాలు,
తక్ తక్ తక్" అన్నాడు బూ నాసర్,
నాలుక అంగిట్లో కొట్టి
అచ్చం ఆ చప్పుడే చేసి చూపిస్తూ.

చక్రం ఊడదీస్తే
బయటి బూటు మడతల్లో బెత్తెడు చీలిక.
గ్రీజంతా చిమ్మి
డిస్కు మీద, స్ప్రింగు మీద, రెక్క లోపల
నల్లటి వలయం.
వేలితో తీసి నలిపాను.
కరకర.
ఈ ఊరి ఇసక ఎంత సన్నమో నన్నడగాల,
మూతపెట్టిన ఉప్పు డబ్బాలో ఉంటుంది,
ఉతికి మడిచిన చొక్కా జేబులో ఉంటుంది.
ఆరు ఉక్కు గోళీల మధ్యకి దారి దొరికితే
మర్యాదగా బయట నిలబడుతుందా?

హబ్బు నట్టు మొండికేసింది.
ఇనప గొట్టం తొడిగి నేనూ, సూడాను పిల్లోడు ఇద్రీసూ
ఇద్దరి బరువూ ఒకేసారి వేస్తే
కీచుమని ఒప్పుకుంది.
డిఫరెన్షియల్ ఆయిలు వంపితే
ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు.
మిగతాది ఏ రోడ్డు తాగిందో.

యాక్సిలు లాగాక కనబడింది సీలు,
ఒక పక్క లోపలికి, ఒక పక్క పైకి,
నిద్రలో తొడుక్కున్న టోపీలాగా.
అంచు మీద మూడు సుత్తి సొట్టలు,
మూడూ పుర్రచేతి దెబ్బలే.
లోపలి బూటుకి క్లిప్పు లేదు, తీగ కట్టు.
మెలి ఎడమకి తిరిగి
కొస కిందికి మడిచి దాచి ఉంది.

ఆ కొస అట్లా మడిచేవాణ్ణి
ఈ సనాయియా మొత్తంలో ఒక్కణ్ణే ఎరుగుదును.
వాడిది రాయచోటి. పేరు కుళ్ళాయప్ప.
ఇప్పుడు ఈ కారు కిందే పడుకోనున్నాడు.

ఆరేళ్ల కిందట, వచ్చిన మూడో నెల.
"పెదవికి గ్రీజు రాయి బేటా,
ఎండు పెదవి మొదటి రోజే కాలిపోతుంది"
అని చెప్పి ఉస్తాద్ గుల్ జమాన్ నమాజుకి పోయాడు.
నేను తలూపాను. రాయలేదు.
కర్ర అడ్డం పెట్టమన్నాడు. పెట్టలేదు.
ఆయన వచ్చేలోగా ముగించి
శభాష్ అనిపించుకోవాలని తొందర.

షాఫ్టు మీద గోరు నడిపిస్తే
ఒకచోట తట్టుకుంటుంది,
వెంట్రుకంత గాడి. నా తొందర లోతు అంతే.
కొత్త సీలు అదే గాడిలో కూర్చుంటే మళ్లీ కారుతుంది.
రెండు మిల్లీమీటర్లు లోపలికి,
మచ్చలేని ఇనుము మీద పెదవి ఆనేలా,
పాత బేరింగు రింగు అడ్డం పెట్టి
చుట్టూతా చిన్నగా, చిన్నగా.
ఈసారి గ్రీజు చిటికెన వేలితో రాశాను,
పసిబిడ్డకి తేనె నాకించినట్టు.

బూ నాసర్ రెండు గ్లాసుల పాల టీ తెచ్చాడు.
నా చేతిలో పాత సీలు చూసి
"ఏ గాడిద కొట్టాడు దీన్ని?" అన్నాడు.
"గాడిదే" అన్నాను.
"నేనే" అనడానికి
టీ మీద మీగడ కట్టేంత సేపు పట్టింది.

ఆయన సీలు చూశాడు, నన్ను చూశాడు.
"గుల్ జమాన్ దగ్గరి బక్క హిందీవి నువ్వేనా?
అప్పుడు మీసం లేదే!"
గట్టిగా నవ్వాడు. ఆపాడు.
"అయితే ఐదు దినార్లు తగ్గించు."
మూడు తగ్గించాను.
బూటు ధర నాది కాదు కదా.

సాయంత్రం దువ్వారు చుట్టూ
స్టీరింగు చివరికంటా తిప్పి, రేడియో ఆపి,
అద్దాలు దించి, రెండు చెవులూ రోడ్డుకి అప్పగించి.
ఒక చుట్టు. ఏమీ లేదు.
రెండో చుట్టు. టైర్ల గుసగుస, అంతే.
మా పని బాగుందనడానికి
వినబడకపోవడం తప్ప సాక్ష్యం లేదు.

మూడో చుట్టులో
తక్ తక్ తక్.

బ్రేకు మీద పడింది నా కాలు.
వెనక నించి హారన్లు.
పక్క సీట్లో బూ నాసర్
నాలుక ఇంకా అంగిట్లోనే పెట్టుకొని
కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు.