పదకొండో గడి

అర్ధరాత్రి దాటాక లెక్క మొదలుపెట్టమన్నారు.
అప్పటికి పడుకోవాల్సినవాళ్ళంతా పడుకునుంటారని
ఆర్డరు రాసినాయన నమ్మకం.

తిరుపతి స్టేషన్ ముందర నేలంతా మనుషులే.
ఎవరు యాత్రికులో, ఎవరికి ఇల్లు లేదో
దుప్పట్లు చెప్పవు.
గుండ్లు అసలే చెప్పవు.
నాతో వచ్చిన రెడ్డెప్ప చెప్పులు చూడమన్నాడు.
"తలకింద పెట్టుకున్నోళ్ళు మనోళ్ళు సార్.
పక్కన ఇడిసేసినోళ్ళకి రేపు రైలుండాది."
మా ట్రైనింగులో ఈ మాట లేదు.

ఫ్లైఓవరు కింద ఏకాంబరం
నా టార్చి పడకముందే లేచి కూర్చున్నాడు.
"పోయిన తూరి ఏలిముద్ర తీసుకుంటిరే,
అది అరిగిపోయిందా సామీ?"

దొరసానమ్మ ఇంకా రాలేదు.
హోటల్లో ఆఖరి గిన్నె తోమి
ఒంటిగంటంబావుకి వచ్చింది, వేళ్ళు తెల్లగా నానిపోయి.
రేషన్ కార్డు పలమనేరులో, మరిది దగ్గర.
షెల్టరుకి ఎందుకు పోరు? పదకొండో గడి.
జవాబులు ముందే అచ్చేసున్నాయి:
తెలియదు, దూరం, ఇష్టం లేదు, ఇతరములు.

నవ్వింది.
"తొమ్మిదికే గేటేస్తారు నాయనా.
నా పని అయ్యేది ఈ యాళకి.
సంచి వరండాలో పెట్టమంటారు. ఒకతూరి పెట్టినా.
నా చీర కట్టుకోని ఎవురో కొండకి పోయినారు,
పుణ్యం మాత్రం నాకే రావాల.
ఒక పెట్టె, దానికో బీగం.
బీగంచెవి నా కొంగున ఉండాల.
ఎప్పుడొచ్చినా గేటు తీసేదానికి ఒక మనిషి.
మేడలెవురడిగినారు?"

'ఇతరములు' గడి అంగుళం పొడవు.
'బీగం' అని రాశాను.
'గేటు' మార్జిన్లోకి పోయింది.

మూడోరోజు ఆఫీసు నుంచి ఫోను:
"సార్, మార్జిన్లో రాసింది కంప్యూటరు తీసుకోదు."
వంద పడకల్లో ముప్పై ఒక్కటే నిండాయట,
మిగతావి ఎత్తేయొచ్చని ఫైలు కదులుతోంది.

షెల్టరుకి పోయి వాచ్‌మన్ని అడిగాను.
తాళాలగుత్తి తిప్పుతూ అన్నాడు:
"తొమ్మిదికి నా డ్యూటీ దిగిపోతాది సార్.
రెండో మనిషికి జీతం సాంక్షన్ కాలా."

ఇంత ఊరికీ, ఆ పడకలకీ మధ్య
అడ్డం నిలబడింది ఒక వాచ్‌మన్ జీతం.
అదే రాశాను ఫైల్లో, గడి లేని తెల్లకాగితం మీద:
పడకలు తీయకండి. మనిషిని వేయండి. పెట్టెలకి బీగాలు కొనండి.
పైవాళ్ళు చదివారో లేదో.

ఆ రాత్రి ఇంటికొచ్చి
చెప్పులు గుమ్మం బయట విడిచాను.
రోజూ అక్కడే విడుస్తాను.