ఇరవయ్యారు

గుర్రపు నాడాలు నాలుగు ఇంకా గోడకే ఉన్నాయి.
వాటి పక్కన ఇప్పుడు చక్రాలు వేలాడుతున్నాయి.
ముప్పై ఏళ్లు డెక్కలు చెక్కిన చేత్తోనే
చువ్వలు బిగిస్తున్నాను.
చువ్వ తన్నదు. అదొక్కటే తేడా.

పొద్దున్నే వచ్చింది లిమకాట్సో,
లెసోతో కొండల మీది పల్లెలకు మందులు మోసే మనిషి.
బూడిదరంగు దుప్పటి, దానికో పెద్ద పిన్నీసు,
భుజాన సంచిలో గలగలమనే సీసాలు.
"ఆఫీసువాళ్లు సైకిలు కొనిస్తారట, న్తాతే మొలెఫీ.
ఏ చక్రమో నువ్వే చెప్పాలి."

గోడకు ఆనుకుని నిలబడమన్నాను.
లెక్కల పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పెట్టుకోమని
దాని అంచు దగ్గర సుద్దతో గీత గీశాను.
మూడు జానలు, మీద రెండు వేళ్లు.
పొట్టి మనిషే. పొట్టి అని పైకి అనలేదు.

ముందు ఇరవైతొమ్మిది దించాను.
దీనిది పెద్ద అంగ.
రాయిని నువ్వెవరని అడగదు, ఎక్కి అవతల దిగుతుంది.
ఊపందుకుందంటే ఏటి దాకా నిన్ను చెమట అడగదు.
కానీ నిట్రదిగుడులో నడుము వెనక్కి వాల్చాలి కదా,
అప్పుడు వెనక చక్రం లేచి వచ్చి
నీ పావడా అంచు నాకుతుంది.
ఆమె నవ్వలేదు. నేనే నవ్వుకున్నాను.

ఇరవయ్యారు మా కొండ గుర్రం లాంటిది.
చెవి తిప్పినంత సులువుగా మలుపు తిరుగుతుంది.
ఎటొచ్చీ, దారిలో ఉన్న ప్రతి గుంటకూ
ఆగి దండం పెడుతుంది.

ఇక ఇరవయ్యేడున్నర.
ఆ అర ఎవరి తెలివో!
తగవు తీర్చడానికొచ్చిన పెద్దమనిషి,
రెండు పక్షాలకీ కొంచెం కొంచెం కోపం.

ముందు పెద్దది, వెనక చిన్నది వేసుకునే కుర్రాళ్లూ ఉన్నారు.
వాళ్ల బండి చదును నేల మీద కూడా
కొండెక్కుతున్నట్టే నిలబడుతుంది.

అన్నీ చెప్పి,
చేతులు గుడ్డకు తుడుచుకుని,
"ఇరవయ్యేడున్నర," అన్నాను, తీర్పు చెప్పినట్టు.

ఆమె కాలి బొటనవేలితో చక్రాన్ని కాస్త తిప్పింది.
అది ఆగేదాకా చూసింది.
"హా లెఫేలాలో టైరు చీలితే?"

హా లెఫేలా. అక్కడినుంచి నడిస్తే రెండు రోజులు.
ఒకటే కొట్టు. మొక్కజొన్న పిండి, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు,
వెనక గోడ మేకుకు దుమ్ముకొట్టిన టైర్లు రెండు.
పాస్టరు బండి, గొర్రెల కాపర్ల బండ్లు,
బడి పంతులు బండి, అన్నీ ఒకే కాలం నాటివి.
ఆ రెండు టైర్లూ ఇరవయ్యారే.

"ట్యూబయితే సాగుతుంది," అన్నాను.
"ఇరవయ్యారు ట్యూబుని ఇరవయ్యేడున్నరలో
ఎలాగో ఇరికించొచ్చు."
"టైరు సాగదు కదా."

సాగదు.

అంతసేపూ ఆమె కాలు కొలిచాను,
కొండ వాలు కొలిచాను, రాళ్లు కొలిచాను.
మేకుకు వేలాడే ఆ రెంటినీ మరిచాను.
గుర్రం కొనేముందు మా నాన్న
పళ్లు తర్వాత చూసేవాడు,
అది వెళ్లబోయే ఊరి గడ్డి ముందు చూసేవాడు.
ఆ మాట నా కొడుకులకు చెప్పాను, నేనే వినలేదు.

అటక మీంచి పాత చట్రం దించాను.
కొత్త చువ్వలు, పట్టినంత వెడల్పు టైర్లు.
గాలి తక్కువ కొట్టాను, రాయి మీద కాస్త మెత్తబడాలని.
ఎక్కి వెళ్లింది.
చర్చి ముందు కాలువ దగ్గర
ముందు చక్రం చెప్పినట్టే దండం పెట్టింది.
ఒక కాలు ఆనించి నిలదొక్కుకుని,
రెండోసారి హ్యాండిలు రెండు చేతులా పైకి లాగింది,
కళ్లెం లాగినట్టు.

వానలు మొదలయ్యాక ఒక కాపరి కుర్రాడు కబురు తెచ్చాడు.
వెనక టైరు చీలిందట,
కొట్లోది కొనుక్కుందట,
మందులు వేళకే చేరాయట.
మేకుకు ఇంక ఒక్కటే ఉందట.

ఇవాళ టైరు ఒకటి చుట్టి, గోనెగుడ్డలో కట్టి
బస్సు మీదికెక్కించాను.
డబ్బులెవరివని డ్రైవరు అడిగాడు.
వినపడనట్టు తాడు ముడి మళ్లీ బిగించాను.